పచ్చబండ మీద గాడి

ఏలియా దగ్గర రెండు కాగితాలున్నాయి. రెండూ ఒకే కొండ గురించి, ఒకే ట్రెంచి గురించి, అందులోని ఒకే ఇరవై అడుగుల రాయి గురించి. ఒకటి చెప్పింది రెండోది ఒప్పుకోవడం లేదు.

మొదటిది ముప్పై ఒక్క ఏళ్ళ నాటిది. అంచులు చెదలు కొట్టాయి, టైపు అక్షరాలు వెలిసిపోయాయి. నూరు పాళ్ళ రాయిలో రాగి అర పాలు కూడా లేదని అందులో ఉంది. రెండోది కిందటి వారం హైదరాబాదు ల్యాబు నుంచి వచ్చింది. దాదాపు రెండు పాళ్ళు ఉందని అందులో ఉంది.

అర పాలంటే కొండను కొండలా వదిలెయ్యాలి. రెండు పాళ్ళంటే గని తెరవొచ్చు.

కొత్త కాగితం చూసి ఏలియా సంతోషపడ్డాడు. రెండు రోజుల పాటు అతని కాళ్ళు నేల మీద నిలవలేదు. మూడో రోజు పాత కాగితాన్ని మళ్ళీ తిరగేస్తుంటే, అడుగున చిన్న అక్షరాల్లో ఒక పేరు కనిపించింది. శాంపిల్ తీసినది: దాదావలి.

దాదావలి అతని గురువు. రాయిని ఎలా పట్టుకోవాలో, ఉలిని ఎలా నిలపాలో నేర్పినవాడు. గురువుగారి లెక్క తప్పని తేల్చే కాగితం శిష్యుడి జేబులో ఉంది. అందుకే అతనికి అన్నం సహించలేదు.

పచ్చబండ కొండ పల్నాడులో, నల్లమల తోక సన్నగిల్లే చోట ఉంది. దాని నెత్తిన ఒక పెద్ద బండ ఆకుపచ్చగా ఉంటుంది. అది పాచి కాదు. రాయి లోపలి రాగికి వానా గాలీ తగిలి, వేల ఏళ్ళుగా చిలుము పట్టి అలా అయింది. పొద్దున పూట మంచు పొర కమ్మినప్పుడు కింది నుంచి చూస్తే కొండ కనపడదు, ఆ పచ్చదనం ఒక్కటే గాలిలో తేలుతూ కనిపిస్తుంది.

ఆ రంగు చూసే వెనకటికి సర్కారువాళ్ళు వచ్చారు. గుడారాలు వేశారు. బండను అడ్డంగా కోసి ట్రెంచి, అంటే పొడుగాటి కందకం, తవ్వారు. పదకొండు చోట్ల మిషన్లు పెట్టి, కొండ లోపలి రాయిని చెరుకు గడల్లా గుండ్రంగా బయటికి లాగారు. చూశారు, తూచారు, రాసుకున్నారు. ఒకనాడు గుడారాలు పీక్కుని వెళ్ళిపోయారు. రాతి గడలన్నిటినీ చెక్కపెట్టెల్లో పేర్చి ఒక రేకుల షెడ్డులో వదిలేశారు. మిషను దించిన చోటల్లా ఒక ఇనప గొట్టం మిగిలింది. గాలి మారినప్పుడు ఆ గొట్టాలు సన్నగా ఊదుతాయి. కొండ నిద్రలో ఊపిరి తీస్తోందని కింద ఎర్రగుంటపాలెంలో అంటారు.

షెడ్డుకు కాపలాగా ఒక మనిషిని ఉంచి వెళ్ళారు. ఆయనే దాదావలి. అప్పటిదాకా బండల్లో శాంపిళ్ళు కొట్టే పనివాడు. కొంతకాలానికి ఆ కాపలా కొలువూ పోయింది. ఆయన మాత్రం దిగి రాలేదు. రాతిపెట్టెల మధ్య చాప పరుచుకుని, ఐదు పూటలా నమాజు చేసుకుంటూ, రెండు మేకలతో అక్కడే ఉండిపోయాడు.

గురువారం గురువారం నలుగురు కొండెక్కి ఆయన దగ్గరికి వస్తారు. ఆయన తాయెత్తులు కట్టడు, మంత్రాలు వెయ్యడు. చెప్పింది చివరిదాకా వింటాడు. వినిపించుకోవడం కోసం ఇంత కొండ ఎక్కాలా అని నవ్వేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. వాళ్ళూ ఏదో ఒక గురువారం ఎక్కినవాళ్ళే.

ఏలియాది ఎర్రగుంటపాలెమే. కాలేజీలో భూగర్భశాస్త్రం చదివే రోజుల్లో సెలవులకు వచ్చి దాదావలి వెంట తిరిగాడు. మొదటి వేసవి పది రోజుల పాటు ఆయన ఒకే పని చెప్పాడు. సుత్తితో రాళ్ళను తట్టి వినమన్నాడు. పదకొండో రోజు ఏం వినపడిందని అడిగాడు.

"కొన్ని మోగుతున్నాయి తాతా. కొన్ని మోగట్లేదు."

"ఇంకో పది రోజులు విను," అన్నాడు దాదావలి.

మరో వేసవి ఒక రాతిపలక తిప్పి చూపించాడు. దాని మీద అలలు గీసిన మడతలు ఉన్నాయి. "ఇది ఒడ్డు," అన్నాడు. చుట్టూ ఎటు చూసినా నీటిచుక్క లేదు. ఏలియా పుస్తకంలో అదే విషయం నలభై పేజీలుంది. ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదని, దాని అడుగున పేరుకున్న బురదే ఈ రాయి అని, రాయి పగుళ్ళలోంచి వేడినీళ్ళు ఎగదన్ని రాగిని మోసుకొచ్చాయని. నలభై పేజీలు చదివినా అతనికి తడి తగల్లేదు. ఆ పలక మీద చెయ్యి పెట్టినప్పుడు తగిలింది.

ఇప్పుడు ఏలియా ఒక కంపెనీలో జియాలజిస్టు. మూతపడ్డ పాత రాగిచోట్లను మళ్ళీ చూసి రమ్మని కంపెనీ పంపితే, మిగతావాటిని పక్కన పెట్టి ముందుగా పచ్చబండకే వచ్చాడు. అందులో దాపరికమేం లేదు. అతని చదువంతా ఈ ఒక్క కొండ కోసమే సాగింది. ఏటా మిరపకోతల కాలంలో ఎర్రగుంటపాలెం సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. ఆదివారం ప్రార్థనకు పాస్టరుగారూ నలుగురు ముసలివాళ్ళూ మిగులుతారు. గని తెరిస్తే ఎవరూ ఊరు విడిచి పోనక్కర్లేదు.

ఆ ఆశతోనే, ల్యాబు కాగితం ఇంకా రాకముందే, బావ యోహానుతో ఒక మాట అనేశాడు. "ఈసారి ఖాయం బావా."

యోహాను మాటను మాటలా తీసుకునే మనిషి. కంపెనీవాళ్ళు తీసుకునే పొలానికి కందులెందుకని ఈ ఏడు విత్తనం వెయ్యలేదు. గని వచ్చాక ఎడ్లతో పనేముందని, శనివారం సంతలో అమ్మడానికి మాట కూడా ఇచ్చేశాడు. అతన్ని చూసి ఇంకో పన్నెండు ఇళ్ళవాళ్ళు విత్తనాలు అటక దించలేదు. నాలుగు రోజుల కింద మంచి వాన పడింది. పొలాలు పదును మీద ఉండి, ఖాళీగా పడున్నాయి.

మంగళవారం మధ్యాహ్నం ఏలియా కాగితాలు రెండూ జేబులో పెట్టుకుని కొండెక్కాడు.

దాదావలి షెడ్డు ముందు కూర్చుని మేకకు ఆకు తినిపిస్తున్నాడు.

"ఏం నాయనా, మొహం అట్టా ఉందేంది? తిన్నావా?"

"తిన్నాను తాతా."

"తినలేదులే. లోపల రొట్టె ఉంది."

ఏలియా రొట్టె తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. రెండు ముక్కలు నమిలి, ఇక ఆగలేక కాగితాలు తీసి ఆయన ముందు పెట్టాడు. దాదావలి కొత్త కాగితాన్ని తీసుకుని, వేలితో అంచు నిమిరాడు.

"నున్నగా ఉంది," అన్నాడు.

"అది కాదు తాతా, లోపల చూడండి. రెండు పాళ్ళు. దాదాపు రెండు. అప్పటి కాగితంలో అర పాలు కూడా లేదు."

"ఊఁ."

"నేను ఒళ్ళు దగ్గర పెట్టుకునే కొట్టాను. తాడు పట్టి గీత గీశాను. స్కేలు పెట్టి వెడల్పు చూశాను. నాలుగు వేళ్ళంటే నాలుగు వేళ్ళే. రాలిందంతా పొడితో సహా సంచిలోకి ఎత్తాను. తర్వాత ఎవరూ కెలక్కుండా పట్టా కూడా కప్పాను."

అతను చెబుతున్నది గాడి గురించి. బండలో రాగి ఎంతుందో తెలియాలంటే నచ్చిన ముక్క ఏరుకుంటే కుదరదు. బండకు అడ్డంగా, ఒక కొస నుంచి ఇంకో కొసకి ఉలితో సన్నటి కాలువ చెక్కాలి. దాన్నే గాడి అంటారు. నాలుగు వేళ్ళ వెడల్పు, రెండు వేళ్ళ లోతు. రాగి ఉన్న చోటా అంతే, లేని చోటా అంతే. అందులోంచి రాలిందే శాంపిల్. దాదావలి అతనికి అన్నిటికన్నా ముందు నేర్పిన పని అది.

"అప్పట్లో ఉలులు మంచివి కావేమో," అన్నాడు ఏలియా. "ల్యాబులు కూడా ఇప్పటిలాంటివి కాదు. మీ చెయ్యి తప్పిందని నేననట్లేదు తాతా..."

"తప్పి ఉండొచ్చు," అన్నాడు దాదావలి.

ఏలియా రొట్టె కింద పెట్టేశాడు. ఆయన కోప్పడితే బాగుండేది. వాదించినా బాగుండేది. వాదనకు అతను దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు.

"సోమవారం లోపల రిపోర్టు పంపాలి," అన్నాడు చివరికి. "మీ మాట వినకుండా పంపలేను."

"పొద్దున చూద్దాం. ఎండన పడి వచ్చావు. కాసేపు పడుకో."

షెడ్డులో చల్లగా ఉంది. రెండు వైపులా పైకప్పు దాకా పెట్టెలు, పెట్టెల నిండా రాతి గడలు. బూడిద రంగువి, తెల్లనివి, మధ్యమధ్య పసుపు మెరుపు గీతలున్నవి. రేకు సందుల్లోంచి ఎండ సన్నగా జారి వాటి మీద కదులుతోంది. బయట గొట్టం ఒకటి ఊదుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఊదుతోంది. చాప మీద వాలిన ఏలియాకు కళ్ళు మూతపడ్డాయి.

కలలో అతను నీళ్ళ అడుగున నడుస్తున్నాడు. ఊపిరి బాగానే ఆడుతోంది. పైన ఎండ ఆకుపచ్చగా ఊగుతోంది. కాళ్ళ కింద బురద మీద అలలు మడతలు పెడుతున్నాయి, చెరుపుతున్నాయి, మళ్ళీ పెడుతున్నాయి. నాచు దిబ్బలు ఉల్లిపాయల్లా పొర మీద పొర వేసుకుంటూ మెల్లగా లావెక్కుతున్నాయి. దూరంగా నేల పగిలి, ఆ పగులులోంచి వేడినీళ్ళు పొగలా లేస్తున్నాయి. ఎర్రగుంటపాలెం జనమంతా గంపలు పట్టుకుని దాని చుట్టూ బారులు తీరి నిలబడ్డారు. అక్క సువార్త కూడా ఉంది. ఆమె జడ నీళ్ళలో పైకి తేలుతోంది.

"ఇంకెంత సేపు పడుతుందిరా?" అని అడిగింది.

"ఎంతో లేదక్కా. నూరు కోట్ల ఏళ్ళు."

"అంతేనా," అని ఆమె గంప బోర్లించి దాని మీద కూర్చుంది. వెనకున్నవాళ్ళంతా అలాగే కూర్చున్నారు. ఎవరూ విసుక్కోలేదు. అందరూ అతని వైపే చూస్తున్నారు.

లేచేసరికి పొద్దు వాలింది. అతని చెంపలు తడిగా ఉన్నాయి. మేక ఒకటి పక్కనే నిలబడి అతని చొక్కా అంచు నములుతోంది.

తెల్లవారింది. మంచు ఎంత చిక్కగా ఉందంటే షెడ్డు గుమ్మంలో నిలబడ్డ ఏలియాకు తన చెప్పులే మసకగా కనిపించాయి. దాదావలి లోపల లేడు. పిలిచాడు. మంచు ఆ పిలుపును మింగేసింది. చాలాసేపటికి కింద ఊట వైపు నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత భుజం మీద బిందె పట్టుకున్న మనిషి ఆకారం మెల్లగా తేలి వచ్చింది.

ఊట కొండ నడుము దగ్గర ఉంది. అక్కణ్ణించి నిండు బిందె మొయ్యడమంటే వయసులో ఉన్నవాళ్ళకే మోకాళ్ళు వణుకుతాయి.

"నాకు చెబితే నేను తేనా తాతా?" అంటూ ఏలియా ఎదురెళ్ళాడు.

"దారి చూపించు. తడిసిన రాయి జారుతోంది."

స్నానానికేమో అనుకున్నాడు ఏలియా. దాదావలి షెడ్డు దగ్గర ఆగలేదు. మంచులో అలాగే పైకి నడిచి, ట్రెంచిలోకి దిగాడు.

ట్రెంచి అడుగు పాతవాళ్ళు నీటిమట్టం చూసి సమానంగా చదును చేసిన బండ. మళ్ళీ తవ్వించి, మట్టి ఎత్తించి, చిమ్మించింది ఏలియానే. ఒక పక్క అతని కొత్త గాడి, నీలం పట్టా కింద. ఇంకో పక్క పాత గాడి, ముప్పై ఒక్క ఏళ్ళ మట్టి గట్టిపడి పూడిపోయి, ఒక మసక గీతలా ఉంది. దాన్ని అతను పట్టించుకోలేదు. మధ్యలో బండ పట్టీలు పట్టీలుగా ఉంది. ఒక జానెడు పచ్చ చిలుము రాయి, రెండు మూరల తెల్ల పలుగురాయి, మళ్ళీ సన్నటి పచ్చ గీత, మళ్ళీ తెలుపు. చిలుము రాయి మెత్తన. ఉలి ఆనితే చాలు పొడై రాలుతుంది. పలుగురాయి మీద ఉలి నిప్పురవ్వలు కక్కుతుంది తప్ప దిగదు.

దాదావలి బిందె దించి ఊపిరి తీసుకున్నాడు. పట్టా కొస పట్టుకుని పక్కకు లాగాడు. ఏలియా గాడి బయటపడింది. తాడు పట్టి కొట్టినట్టు తిన్నగా ఉంది. చూసుకుని ఏలియాకు లోపల కొంచెం గర్వమే కలిగింది.

ముసలాయన వంగి, బిందె వంచి, గాడిలో నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. ఒక కొస నుంచి రెండో కొస దాకా నడుస్తూ, తొందర లేకుండా, మొక్కలకు పోసినట్టు పోశాడు. సగం బిందె అయ్యాక ఆపి, పక్కన పెట్టి, ట్రెంచి గోడకు చేరబడి కూర్చున్నాడు.

నీళ్ళు ముందు గాడి పొడుగునా పరుగెత్తాయి. తర్వాత నెమ్మదించాయి. తర్వాత సర్దుకున్నాయి.

మంచు కొంచెం విడింది. ఏలియా చూస్తూ నిలబడ్డాడు.

పచ్చ పట్టీ ఉన్న ప్రతి చోటా నీళ్ళు నిండుగా నిలిచాయి, వేలు పెడితే మునిగేంత లోతు. వాటి మధ్య పలుగురాయి మీద తడి తప్ప నీళ్ళు లేవు. చూస్తుండగానే ఆ తడి కూడా ఆరిపోతోంది. ఇరవై అడుగుల పొడుగునా ఏడు చిన్న పచ్చటి మడుగులు, ఒక్కోదాంట్లో ఒక్కో ఆకాశం ముక్క.

ఏడింటినీ అతను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. ఏడే.

మోకాళ్ళ మీద వంగాడు. మొదటి మడుగులో వేలు ముంచాడు. వేలంతా మునిగి, ఇంకా అడుగు తగల్లేదు. వేలిని అలాగే జరిపాడు. పలుగురాయి అంచు దగ్గర గోరు తట్టుకుని పైకి లేచింది. అక్కడ గాడి లోతు గోరంత ఉంది. మళ్ళీ జరిపాడు. మళ్ళీ మునిగింది. తను ఆ పని చేసినట్టు అతనికి గుర్తే లేదు. ఒక్క దెబ్బ కూడా కావాలని ఎక్కువ వెయ్యలేదు, కావాలని తక్కువ వెయ్యలేదు. దేవుడి తోడు, వెయ్యలేదు.

దాదావలి చూపు మంచు మీద ఉంది.

చాలాసేపటికి ఏలియా లేచి పాత గాడి దగ్గరికి వెళ్ళాడు. గట్టిపడ్డ మట్టిని ఉలి కొసతో కదిపి, చేతులతో ఎత్తి పోశాడు. పొద్దు పైకి వచ్చేదాకా అదే పని. తుడిచి, ఊది, మిగిలిన సగం బిందె అందులో పోశాడు.

నీళ్ళు ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే పోగులా నిలబడ్డాయి. ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఉబ్బలేదు. పచ్చ మీదా అంతే, తెలుపు మీదా అంతే. కదలకుండా, నిద్రపోతున్నట్టు ఉన్నాయి.

ఏలియా రెండు కాగితాలూ తీసి చూసుకున్నాడు. కొత్తదాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. సిగ్గు అతని చెవులదాకా పాకింది.

"ఉలి ఇస్తారా తాతా?" అన్నాడు.

"నీది ఏమైంది?"

"మొండిదైంది. పలుగురాయికి ఆగదు."

దాదావలి షెడ్డులోకి వెళ్ళి గుడ్డలో చుట్టిన ఉలి తెచ్చి అతని చేతిలో పెట్టి, మేకలను తోలుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం మిగిలిన పగలంతా, గురువారం పగలంతా ఏలియా కొత్తగా ఇంకో గాడి కొట్టాడు. రెండు వేళ్ళ కొలతకు ఒక పుల్ల విరుచుకుని, జానెడు జానెడుకూ దాన్ని దించి చూసుకున్నాడు. పచ్చరాయి నాలుగు దెబ్బలకు దారి ఇచ్చింది. పలుగురాయి దగ్గర నలభై దెబ్బలు వేస్తే చిటికెడు రాలింది. అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలాయి. గురువారం కదా, కొండెక్కిన నలుగురూ ట్రెంచి గట్టున నిలబడి కాసేపు చూసి పోయారు. సాయంత్రానికి సంచిలో నిండిన రాతిపొడి బూడిద తెలుపుగా ఉంది. మొదటిసారి సంచి ఎంత పచ్చగా ఉండిందో అతనికి బాగా గుర్తుంది. ల్యాబుకు పంపాలి, పంపుతాడు. కానీ ఏ అంకె తిరిగొస్తుందో ఆ సంచి మూతి కట్టేటప్పుడే అతనికి తెలుసు.

శుక్రవారం పొద్దున ఊళ్ళోకి దిగాడు.

యోహాను పశువుల పాక ముందు ఎడ్లను కడుగుతున్నాడు. రేపటి సంతకు కొమ్ములకు రంగు కూడా వేసి ఉంచాడు. సువార్త వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది.

"రా బామ్మర్దీ! కాగితం వచ్చిందంటగా. రెండు పాళ్ళంటగా!"

"బావా, అది తప్పు."

యోహాను చేతిలో చెంబు ఆగిపోయింది. "ఏంది తప్పు?"

"నేను కొట్టిన గాడి తప్పు. గని రాదు. పొలం ఖాళీగా పెట్టొద్దు. ఎడ్లని అమ్మొద్దు."

"ల్యాబోళ్ళు చెప్పారా?"

"లేదు. నేను చెబుతున్నా."

"పోయిన నెల్లో ఖాయమని చెప్పింది కూడా నువ్వేగదరా!" యోహాను గొంతు వీధి చివరిదాకా వినపడింది. "పదమూడు ఇళ్ళోళ్ళం నీ నోరు చూసి కూసున్నాం. ఏ మొహం పెట్టుకుని చెప్పనురా ఆళ్ళకి?"

"నేనే చెబుతాను. ఇప్పుడే వెళ్ళి, ఇంటింటికీ చెబుతా."

"ఆ ముసలోడి దగ్గరికి పోయొచ్చావుగా? ఆయనే చెప్పుంటాడు. కొండ మీద కూసున్నోడికి మా ఆకలేం తెలుస్తది! అప్పుడూ ఆయన చేతి మీదే ఆగిపోయిందిగా గని!"

"నోరు ముయ్యవయ్యా," అంది సువార్త, తల ఎత్తకుండానే. "నీకు తెలియని సంగతి మాట్లాడమాక. మా నాయన ఆయనతోనే పని చేశాడు. ఆ గని తెరిస్తే దాదావలి తాతని పనోళ్ళందరి మీదా మేస్త్రిగా పెడతామన్నారంట. ముగ్గురు తమ్ముళ్ళున్నారు ఆయనకి, అందరూ దూదేకుతా ఊళ్ళు తిరిగేవోళ్ళే. ముగ్గుర్నీ పిలిపించుకుందామని షెడ్డు పక్కన ఇంటికి పునాది కూడా తీశాడంట. ఇప్పటికీ ఉంది ఆ గుంత, మేకల్ని కట్టేస్తాడే, అదే."

ఏలియా ఆ గుంత పక్కన కూర్చునే మంగళవారం రొట్టె తిన్నాడు.

అతను ఆ రోజు మిగతా పన్నెండు ఇళ్ళకూ వెళ్ళాడు. కొందరు తిట్టారు. ఒక ముసలామె నవ్వింది, అదే ఎక్కువ బాధగా ఉంది. ఒకాయన లోపలికి పోయి విత్తనాలు దించడానికి అటకకు నిచ్చెన వేసుకున్నాడు. చివరి ఇంటి నుంచి బయటికి వచ్చేసరికి ఏలియాకు మూడు వారాలుగా గుండె మీద ఉన్న బరువేదో దిగింది. అది అక్కడ ఉందనే సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

శనివారం తెల్లవారి యోహాను అతనితో మాట్లాడలేదు. ఎడ్లను సంత దారి పట్టించలేదు కూడా. రంగు కొమ్ములతోనే వాటికి కాడి వేసి, విత్తే గొర్రు భుజానికెత్తుకుని, పొలం వైపు నడిచాడు. వెనకే సువార్త విత్తనాల ఒడి కట్టుకుని వెళ్ళింది. వెళుతూ వెనక్కి తిరిగి, తమ్ముడి చేతుల వైపు ఒకసారి చూసి, "వెన్న రాసుకో," అంది.

ఏలియా ఉలి తిరిగి ఇవ్వడానికి కొండెక్కాడు.

ఆ పొద్దు మంచు పలచగా ఉంది. సగం దారిలో ఆగి చూస్తే కింద పొలాల్లో అక్కడక్కడా ఎడ్లు కదులుతున్నాయి. మనుషుల అదిలింపులు అంత ఎత్తుకు కలలో మాటల్లా చేరుతున్నాయి. పైన గొట్టాలు ఊదడం లేదు. కొండ ఒత్తిగిలి పడుకున్నట్టు నిశ్శబ్దంగా ఉంది.

దాదావలి ఆ గుంత గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఏలియా ఉలిని గుడ్డతో తుడిచి ఆయన పక్కన పెట్టి, కింద కూర్చున్నాడు. మేక వచ్చి ఏలియా అరచేతిని నాకి, ఉప్పు తగిలి, మళ్ళీ నాకింది.

"తాతా, ఒక మాట అడగనా?"

"అడుగు."

"అప్పట్లో ఈ గని తెరవాలని మీకు అనిపించలేదా?"

"అనిపించకేం," అన్నాడు దాదావలి. "నిద్దర్లో కూడా అదే."

ఏలియా ఆ గుంతలోకి చూశాడు. గోడలకు ఎత్తిన మూడు వరసల రాళ్ళు మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి.

"మరి గాడి కొట్టేటప్పుడు మీ చెయ్యి పచ్చరాయి మీద ఆగలేదా?"

దాదావలి కుడిచెయ్యి చాపి, వేళ్ళు విప్పి, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకున్నాడు.

"ఆగింది నాయనా," అన్నాడు. "అందుకే పలుగురాయి దగ్గర ఇంకో నాలుగు రోజులు కూసున్నా."